నీలం గుండీ మొక్కు

నా ఉద్యోగ జీవితంలో నేను సాధించిందేమిటో మా కాలేజీ వాళ్లు రిటైర్మెంటు సభలో చదివి వినిపించారు. అందులో సగం అబద్ధాలు, మిగతా సగం మా ప్రిన్సిపాల్‌గారు చేసిన పనులు. నేను నిజంగా చేసిన ఘనకార్యం ఆ కాగితంలో లేదు. రేపల్లె అవతల ఒక దర్గాలో నేను ఒక ఆచారాన్ని పుట్టించాను. కావాలని కాదు, నన్ను అలా చూడకండి. జనం మొక్కులు ఎలా మొక్కుకుంటారో చూసి రాసుకు రమ్మని యూనివర్సిటీ పంపితే, చూడటానికి వెళ్లినదాన్ని అక్కడ ఒకటి అంటించి వచ్చాను. మీరంతా ఇప్పుడు ఫోన్లలో రికార్డు చేసుకుంటూ, ట్యాబుల్లో ఫారాలు నింపుకుంటూ పరిశోధనలు చేస్తున్నారు గదా, మీకు పనికొస్తుందని చెప్తున్నాను. పనికిరాకపోతే నవ్వుకోండి, నాకేం నష్టం లేదు.

నేను తెనాలిలో ఒక కాలేజీలో సోషియాలజీ చెప్పాను. అందులోనూ నా విషయం మతం. ఆ ముక్క తెలిసిన దగ్గర్నుంచీ మా వీధిలో వాళ్లు నన్ను ముహూర్తాలు అడగడం మొదలుపెట్టారు. కాదండీ, జనం దేవుణ్ణి ఎందుకు కొలుస్తారో, ఎలా కొలుస్తారో చూసే చదువు అని చెప్తే, ఎదురింటి పిన్నిగారు బుగ్గలు నొక్కుకుని, "అది చూట్టానికి జీతం కూడా ఇస్తారా?" అని అడిగింది. స్టాఫ్ రూములో నా ఎదురు కుర్చీ ఎకనామిక్స్ మాస్టారుది. ఆయన రోజూ బాపట్ల నుంచి రైల్లో వచ్చేవారు. దేవుడి మీద నమ్మకం లేదు, నా సబ్జెక్టు మీద అంతకన్నా లేదు. "మేడం, ఇవాళ ఎంతమంది దేవుళ్లని లెక్కపెట్టారు?" అన్నది ఆయన పొద్దుటి పలకరింపు.

ఇక గుండీల కథ. ఉద్యోగం చేస్తూనే పిహెచ్‌డీకి రిజిస్టర్ చేసుకున్నాను. గురువారం క్లాసులు లేకుండా టైం టేబుల్ వేయించుకుని, పొద్దున్నే తెనాలిలో పాసింజరు ఎక్కి రేపల్లెలో దిగేదాన్ని. అక్కణ్ణించి ఆటోలో ఇంకాస్త దూరం వెళ్తే ఒక చిన్న దర్గా. సముద్రం గాలి తగులుతుంది గానీ సముద్రం కనపడదు. గురువారం వచ్చిందంటే చుట్టుపక్కల రైతుల ఇళ్ల ఆడవాళ్లు, ఊళ్లోని ముస్లిం కుటుంబాలు, రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్లు, అందరూ అక్కడే. బిడ్డలు కావాలని, జ్వరం తగ్గాలని, తప్పిపోయిన గేదె దొరకాలని మొక్కుకుంటారు. తీరితే చక్కెర పంచుతారు, లోపలి బాబా సమాధి మీద ఆకుపచ్చ చాదర్ కప్పిస్తారు. నేను గేటు పక్కన పీట వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్లని ఆపి పేరు, ఊరు, ఏం మొక్కుకున్నారు, తీరిందా లేదా అని అడిగి ఫారం నింపేదాన్ని.

నా కొంప ముంచింది వాళ్ల మంచితనం. ఒకసారి చెప్పినవాళ్లు మళ్లీ వచ్చి కూర్చునేవాళ్లు. ఒకావిడ వరసగా మూడు గురువారాలు వచ్చి మూడు మొక్కులు చెప్పింది. మొదటివారం అల్లుడు తాగుడు మానాలంది, రెండోవారం ఆ అల్లుడికి ఉద్యోగం రావాలంది, మూడోవారం అసలు కూతురికి పెళ్లి కావాలంది. "ఏంటమ్మా ఇదీ?" అంటే, "ఏమోనమ్మా, నువ్వట్టా అడుగుతుంటే చెప్పాలనిపిస్తంది" అంది. ఆ ఫారాలు చూసి మా గైడ్‌గారు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "ఒక మనిషిని ముగ్గుర్ని చేశావు. ఇది పరిశోధనా, ఇంద్రజాలమా?" అన్నారు.

అడిగినవాళ్లని మళ్లీ అడగకుండా గుర్తు పెట్టుకోవాలి. మా వీధి చివర దర్జీ ఒకాయన షాపు ఖాళీ చేస్తూ, స్కూలు యూనిఫాంలకి వాడే నీలం గుండీలు ఒక డబ్బా నిండా నాకు ఇచ్చాడు. ఆహా, నా బుర్రే బుర్ర అనుకున్నాను. ఫారం నింపగానే గుండీకి పిన్నీసు గుచ్చి చేతిలో పెట్టి, ఎడమ భుజం మీద పెట్టుకోమని చెప్పేదాన్ని. ఎందుకంటే నేను గేటుకి ఎడమపక్క కూర్చునేదాన్ని, లోపలికి వచ్చేటప్పుడు అటు భుజమే నాకు కనపడుతుంది. ఏడు గురువారాలు పెట్టుకురమ్మన్నాను, నా సర్వే ఇంకో ఏడువారాల్లో ముగుస్తుంది గనక. ఆ తర్వాత గుండీ ఇక్కడే డబ్బాలో వేసి వెళ్లమన్నాను, అవి చాలకపోతే మళ్లీ వాడుకోవచ్చని. "మరి పోగొడితే ఏమైద్దమ్మా?" అని ఒకావిడ అడిగింది. "అమ్మో, పోగొట్టకండి, మొదటికొస్తుంది" అన్నాను. లెక్క మొదటికొస్తుందని నా భావం. ఆవిడ కళ్లు పెద్దవి చేసుకుని గుండీని కళ్లకద్దుకుంది. అప్పుడైనా నాకు బుద్ధి ఉండద్దూ? మతం గురించి పుస్తకాలు చదివినదాన్ని, కళ్లముందు ఒక మనిషి గుండీని కళ్లకద్దుకుంటే చూసి, పాపం మర్యాద తెలిసిన మనిషి అనుకుని తర్వాతి ఫారం తీశాను.

ఏడువారాలు అయ్యాయి. డబ్బా అక్కడే వదిలేసి వచ్చాను. డిగ్రీ వచ్చింది, ప్రమోషన్ వచ్చింది. ఆ దర్గాకి మళ్లీ వెళ్లలేదు. మీరూ వెళ్లరు, నాకు తెలుసు.

ఇరవై ఏళ్లు గడిచాయి. అప్పటికి నేను కూడా గైడ్‌నయ్యాను. రిటైర్మెంటు దగ్గరపడుతుండగా నా దగ్గర చివరగా చేరిన విద్యార్థిని పొన్నూరు అమ్మాయి. బాపట్లలో ఒక కాలేజీలో గెస్టు లెక్చరరుగా చేసేది. ఏటా సెలవుల ముందు తీసేసి, మళ్లీ తెరిచాక పిలిచే ఉద్యోగం. అదే కాలేజీలో ఒక పర్మినెంటు పోస్టు పడబోతోంది, పిహెచ్‌డీ ఉంటేనే ఇంటర్వ్యూకి పిలుస్తారు. ఈ పిల్లకి యూనివర్సిటీ ఇచ్చిన గడువూ, పొడిగించిన గడువూ కూడా అయిపోవస్తున్నాయి. ఆ అమ్మాయి మాట తక్కువ, రాత ఎక్కువ. నేను తుమ్మినా రాసుకునేదేమో. రేపల్లె వైపు హిందువులూ ముస్లింలూ కలిసి మొక్కే చోట్ల మీద పనిచేస్తానంటే, అబ్బో నా పాత దారే గదా, వెళ్లమ్మా అన్నాను.

రెండేళ్ల తర్వాత నాలుగో అధ్యాయం తెచ్చింది. ఇంట్లో పెసరట్టు తింటూ తెరిచాను. శీర్షిక, 'నీలం గుండీ మొక్కు'. పెసరట్టు పక్కకి నెట్టేశాను.

ఏం రాసిందనుకున్నారు? ఆ దర్గాకి వచ్చేవాళ్లు ఎడమ భుజం మీద నీలం గుండీ పెట్టుకుని ఏడు గురువారాలు మొక్కుతారు. ఏడో వారం గుండీని గేటు దగ్గర డబ్బాలో వేస్తారు. మధ్యలో పోతే మొక్కు మొదటికొస్తుంది. ఎడమ భుజం గుండె ఉన్న వైపు గనక భక్తికి గుర్తు. ఏడు అంకె హిందువులకీ ముస్లింలకీ ఇద్దరికీ పవిత్రం. రెండు అంచుల్ని కలిపేది గుండీ గనక ఇది రెండు మతాల కలయికకి ప్రతీక. దర్గా చూసుకునే ముజావర్‌గారిని ఎప్పటినుంచి ఉందని అడిగితే, "మా తాతగారి తాతగారి కాలం నుంచీ" అన్నారట. అంతటితో అయితే బాగుండేది. దీనికో స్థలపురాణం కూడా పుట్టింది. పూర్వం ఎక్కణ్ణించో ఒక అమ్మ వచ్చిందట. పచ్చని ఛాయ, పొడుగాటి మనిషి. గేటు పక్కన కూర్చుని వచ్చినవాళ్ల కష్టమల్లా అడిగి, రాసుకుని, ఆ కాగితాలు లోపల బాబాకి అందించేదట. ఏడువారాలు అలా చేసి మాయమైందట.

నేను నల్లగా ఉంటాను, అయిదడుగులకి మించను. అది పక్కన పెడితే, నవ్వొచ్చింది. నవ్వి నవ్వి కళ్లనీళ్లు తుడుచుకున్నాక చెమటలు పట్టాయి. ఈ అధ్యాయం ఆ పిల్ల థీసిస్‌కి గుండెకాయ. ఇదంతా నా నిర్వాకమని చెప్తే అధ్యాయం కూలుతుంది, మళ్లీ రాసేటప్పటికి గడువు దాటుతుంది, పోస్టు పోతుంది. చెప్పకపోతే దర్జీ గుండీలు ప్రాచీన సంస్కృతి కింద అచ్చవుతాయి.

మర్నాడు ఎకనామిక్స్ మాస్టారికి చెప్పాను. ఆయన తాగుతున్న టీ ముక్కులోంచి వచ్చింది. అయిదు నిమిషాలు బల్ల మీద తలపెట్టుకుని నవ్వి, "మేడం, మా వాళ్లు ఎంత ఏడ్చినా ఒక్క కొత్త మార్కెట్టు పుట్టించలేకపోయారు. మీరు ఏడువారాల్లో మొక్కు పుట్టించారు. నమస్కారం" అన్నారు.

"వేళాకోళం ఆపి ఏం చెయ్యాలో చెప్పండి."

"ఏముంది, నోరు మూసుకోండి. ఆ పిల్లకి ఉద్యోగం రానివ్వండి. తాతల కాలం నాటిది కాదని తాతలొచ్చి చెప్తారా?"

ఆ మాట నాకు తెగ నచ్చింది. మనకి కావలసిన సలహా ఇచ్చేవాళ్లు తెలివైనవాళ్లలా కనపడతారు.

అధ్యాయం గురించి మాట్లాడటానికి అమ్మాయి వచ్చింది. బావుందమ్మా, అచ్చుతప్పులు చూసుకో అన్నాను. అది కదలదే! నోట్సు తెరిచి, "మేడం, మీరూ అక్కడే చేశారు గదండీ. అప్పట్లో ఈ గుండీలు లేవాండీ?" అంది.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. నోరు తెరిస్తే చాలు. తెరిచి, "నేను గమనించలేదమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి తలవంచుకుని ఆ మాట కూడా రాసుకుంది.

ఇంతటితో ఆగానా? లేదు. నా థీసిస్ కాపీ ఒకటి కాలేజీ లైబ్రరీలో ఉంది. అందులో, సర్వే ఎలా చేశానో చెప్పే చోట, గుండీల సంగతి వివరంగా రాసి ఏడిశాను. మధ్యాహ్నం లైబ్రేరియన్ భోజనానికి వెళ్లినప్పుడు పిల్లిలా వెళ్లి దాన్ని తీశాను. ఇరవై ఏళ్లలో దాన్ని ఒక్కరు కూడా ఇంటికి తీసుకెళ్లలేదు. ఇంకోరోజయితే ఆ సంగతికి ఏడ్చేదాన్ని, ఆ రోజు సంతోషించాను. చింపడానికి చేతులు రాలేదు. హోం సైన్సు బీరువాలో ఊరగాయల పుస్తకాల వెనక దోపి వచ్చాను. యాభై ఆరేళ్ల మనిషిని, డాక్టరేటు ఉన్నదాన్ని, నా చేతుల్తో నేను చేసిన పని అది.

మూడు నెలల తర్వాత మొత్తం థీసిస్ బైండింగ్‌కి ముందు తెచ్చింది. నాలుగో అధ్యాయంలో కొన్ని మార్పులు చేశాననీ, కొత్తగా ఆరో అధ్యాయం రాశాననీ చెప్పి, "ఒక్కసారి చూస్తారాండీ" అంది. ఆ థీసిస్ తెరవాలంటేనే నాకు భయం. అసలే గడువు దగ్గరపడింది, పైగా కాలేజీకి తనిఖీ బృందం వస్తోందని మా ప్రాణాలు తోడేస్తున్నారు. చదివే ఉంటానులే అన్నంత ధీమాగా 'పూర్తిగా చదివి సంతృప్తి చెందితిని' అన్న సర్టిఫికెట్ మీద సంతకం గీకేశాను. ఆ అమ్మాయి సంతకం వైపూ నా వైపూ మార్చి మార్చి చూసి, ఏదో అనబోయి ఊరుకుంది. సిగ్గుపడుతోంది కాబోలు అనుకున్నాను.

బయటి నుంచి వైవా తీసుకోవడానికి వచ్చే పెద్దాయన పేరు చెప్తే గైడ్లకి కూడా జ్వరం వచ్చేది. థీసిస్ వెనక్కి పంపడంలో దిట్ట. ఆయన నుంచి కబురొచ్చింది. శుక్రవారం యూనివర్సిటీలో వైవా, అంతకుముందు గురువారం ఆ దర్గా చూడాలి, గైడ్ కూడా వెంట ఉండాలి అని. ఆ పైవారమే బాపట్లలో పోస్టుకి ఇంటర్వ్యూ. వెళ్లకుండా తప్పించుకునే సాకులు వెతుక్కున్నాను. ఎకనామిక్స్ మాస్టారు మాత్రం, "నేనూ వస్తానండీ, మీ భక్తుల్ని చూడొద్దూ?" అని తన కారు తీసుకుని సిద్ధమైపోయారు.

దర్గా ముందు దిగాం. ఎటు చూసినా ఎడమ భుజాల మీద నీలం గుండీలు. ఆడవాళ్ల పైటల మీద, మగవాళ్ల చొక్కాల మీద, చంటిపిల్లల జుబ్బాల మీద కూడా. గేటుకి ఎడమపక్క, నేను పీట వేసుకున్న చోట సిమెంటుతో ఒక చిన్న అరుగు కట్టి సున్నం వేశారు. దాని మీద ఎవరూ కూర్చోవడం లేదు. పక్కనే పూలూ చక్కెరా అమ్మే బండి మీద పిన్నీసు గుచ్చిన గుండీలు దండలు దండలుగా వేలాడుతున్నాయి. పెద్దాయన ఒకటి తీసుకుని తన చొక్కాకి పెట్టుకున్నారు. "కుడివైపు కాదండి సార్, ఎడమపక్క. ఏడు గురువారాలండి" అని బండతను సరిచేశాడు. మా మాస్టారు నా చెవి దగ్గర, "మేడం, మీరు పెట్టుకోరా? మీది మీరే మరిచిపోతే ఎలా?" అన్నారు. చంపేద్దామన్నంత కోపం వచ్చింది.

నేను తలమీద కొంగు కప్పుకుని ఒక మూలకి నక్కాను. లాభం లేకపోయింది. ముసలి ముజావర్‌గారు సరాసరి నా దగ్గరికే వచ్చారు. "రండమ్మా, చాలా కాలానికి" అన్నారు.

"నేను... మీకు గుర్తున్నానా?"

"ఎందుకు గుర్తులేదమ్మా? రెండు పీటలిరగ్గొట్టారు గదా మావి."

"మరి తాతల కాలం నాటిదని ఆ పిల్లకి ఎందుకు చెప్పారండీ?" అన్నాను పళ్లు బిగబట్టి.

"ఎప్పట్నుంచీ, ఎప్పట్నుంచీ అని ఒకటే అడిగిందమ్మా. మొన్నమొన్నటిదే అంటే పాపం మొహం వాడిపోద్ది. పొన్నూరు నుంచి బస్సులు మారి ఎండలో పడి వస్తంది. ఏదో దాని చదువుకి పనికొస్తదని చెప్పా."

అప్పటికే పెద్దాయన ఒక నడివయసు రైతు ఇంటి ఆవిడని ఆపి, ఈ మొక్కు ఎవరు మొదలుపెట్టారమ్మా అని అడుగుతున్నారు. ఆవిడ చుట్టూ పదిమంది ఆడవాళ్లు మూగారు.

"ఒక తల్లి వచ్చిందండి. మా అత్త చూసింది. మా అత్తకి ఇద్దరు పిల్లలు పోయారండి, బారసాల అయిన నెలకి ఒకడు, మూడేళ్లకి ఒకత్తి. ఇంట్లో ఆ మాటెత్తితే మా మావయ్య ఇంతెత్తున లేచేవాడంట. పోయినోళ్ల సంగతి ఎందుకే అని. ఆ తల్లి అడిగిందంటండి, పిల్లల పేర్లేంటమ్మా అని. మా అత్త చెప్పిందంట. ఆ తల్లి పేర్లు రాసుకుందంట. పోయేదాకా మా అత్త అదే చెప్పేదండి, నా బిడ్డల పేర్లు అడిగిన మనిషి ఆవిడొక్కత్తే అని."

నాకు గుర్తు రాలేదు. ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. మా ఫారంలో 'సంతానం: జీవించి ఉన్నవారు, మరణించినవారు' అని ఒక గడి ఉండేది. లెక్క తప్పకుండా ఉండటానికి పేర్లు అడిగేదాన్ని, అంతే. ఆవిడ కళ్లు తుడుచుకుంటోంది. పెద్దాయన తలూపుతూ, "చాలా ప్రాచీనమైన మాతృదేవత పూజ తాలూకు ఛాయలు" అని నా వైపు తిరిగి, "ఏమంటారు మేడం?" అన్నారు.

ఏమైందో తెలియదు, నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "ప్రాచీనమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఆ తల్లిని నేనే!" అని అరిచాను.

వెంటనే ఒకావిడ గట్టిగా, "అమ్మ వచ్చిందే!" అని కేక వేసింది.

దర్గాల్లో ఒంటిమీదికి రావడం కొత్త కాదు. నేను ఆ మాట అనుకోవాల్సింది. ఒకావిడ నా జుట్టు ముడి విప్పేసింది, ఇంకొకావిడ ఊదు పొగ తెచ్చి మొహం మీద పట్టింది. దగ్గు తెరలు తెరలుగా వస్తుంటే, "కాదమ్మా, నేను తెనాలి లెక్చరర్ని, అవి యూనిఫాం గుండీలు, దర్జీ ఇచ్చాడు" అని చెప్పాను. "తెనాలి అంటంది, తెనాలి నుంచి వచ్చిందంటే అమ్మ" అని వెనకవాళ్లకి అందించారు. "ఏం కావాలి తల్లీ, చెప్పు!" అని పదిమంది చేతులు జోడించారు. "నాకేం వద్దు, నన్ను నమ్మండి చాలు" అన్నాను. "నమ్ముతాం తల్లీ!" అన్నారు. ముజావర్‌గారు నెమలీకల కట్ట తెచ్చి నా తలమీద తాటిస్తూ, వంగి మెల్లగా, "ఊరుకోండమ్మా, ఇప్పుడు మీరేం చెప్పినా అదే అవుద్ది" అన్నారు. ఈలోగా మా మాస్టారు కారు బానెట్టు మీద వాలిపోయి, నవ్వలేక పొట్ట పట్టుకుని, ఫోనులో వీడియో తీస్తున్నారు. సాయంత్రానికి అది మా స్టాఫ్ గ్రూపులో ఉంది.

నన్ను ఆ గుంపులోంచి చెయ్యి పట్టి బయటికి తీసింది మా పొన్నూరు అమ్మాయే. ఎదురుగా టీకొట్టు బల్లమీద కూర్చోబెట్టి నీళ్లు తాగించింది. పెద్దాయన ఎదురుగా వచ్చి కూర్చున్నారు. జుట్టు ముడివేసుకుంటూ ఆయనతో మొత్తం చెప్పేశాను. పీట, డబ్బా, ఎడమ భుజం, ఏడువారాలు, గమనించలేదన్న అబద్ధం, అన్నీ. "తప్పంతా నాదేనండి. ఈ అమ్మాయికి ఏం తెలియదు. దయచేసి థీసిస్ వెనక్కి పంపకండి, పై వారం ఇంటర్వ్యూ ఉంది" అని చేతులు జోడించాను.

ఆయన తాపీగా టీ ఊదుకుని, "ఆరో అధ్యాయం మీద మీ అభిప్రాయం ఏంటండీ?" అన్నారు.

"చాలా... బావుందండి."

"ఏం బావుంది?"

"భాష అండి."

మా అమ్మాయి తల దించుకుంది. ఆయన తన సంచీలోంచి థీసిస్ తీసి నా ముందు పెట్టారు. ఆరో అధ్యాయం పేరు, 'ఒక ఆచారం పుట్టుక: పరిశోధకురాలి గుండీ'. మొదటి పేజీలోనే నా థీసిస్‌లోని గుండీల పేరా అక్షరం పొల్లుపోకుండా ఉంది.

"నీకెలా..." అన్నాను అమ్మాయితో.

"గమనించలేదమ్మా అన్నప్పుడు మీరు టీగ్లాసు వంక చూశారండి" అంది ఆ అమ్మాయి. "నిజం దాచేవాళ్లు వస్తువుల వంక చూస్తారని మీరే క్లాసులో చెప్పారు. వెళ్లి లైబ్రరీలో వెతికానండి. సోషియాలజీలో లేదు. లైబ్రేరియన్‌గారు హోం సైన్సులో దొరికిందన్నారు, ఊరగాయల వెనక. నాకు భయమేసిందండి. మీకు చెప్తే సంతకం పెట్టరేమోనని. చెప్పకుండా పెట్టించుకోవడం కూడా ఇష్టం లేక, ఒక్కసారి చూస్తారాండీ అని అడిగాను. మీరు చూళ్లేదు."

పెద్దాయన గ్లాసు కింద పెట్టారు. "తనని అబద్ధాలకోరని రాసిన థీసిస్ మీద సంతకం పెట్టిన గైడ్ మహానుభావురాలైనా అయ్యుండాలి, చదవకుండా అయినా పెట్టుండాలి. రెండిట్లో ఏదో చూద్దామనే వచ్చాను, మాతృదేవత అని కదిపిందీ అందుకే. చదవని గైడ్ అయితే ఇవాళే వెనక్కి పంపేద్దామనుకున్నాను. చదవలేదని తేలింది. కానీ ఎవరూ నిలదీయకుండానే యాభైమంది ముందు నిజం చెప్పారు, వాళ్లు నమ్మకపోవడం మీ తప్పు కాదు. రేపు వైవా ఉంటుంది. మొదటి ప్రశ్న మాత్రం ఆ అమ్మాయిని కాదు, మిమ్మల్ని అడుగుతాను. చదివి రండి."

ఆయన్ని బాపట్ల తీసుకెళ్లి సముద్రం చూపించి చేపల భోజనం పెట్టిస్తానని మా మాస్టారు కారులో ఎక్కించుకుపోయారు. నేనూ అమ్మాయీ రేపల్లె వచ్చి తెనాలి పాసింజరు ఎక్కాం. కిటికీ పక్కన కూర్చుని ఆరో అధ్యాయం చదవడం మొదలుపెట్టాను. ఎంత బాగా రాసిందనీ! ఒక్కచోట కూడా వెక్కిరింపు లేదు. నేను చేసిన ప్రతి వెధవపనీ చల్లగా, మర్యాదగా, తారీఖులతో సహా ఉంది. చివరి పేజీకి వచ్చేసరికి ఇలా ఉంది: 'గుండీలను గమనించలేదని పూర్వ పరిశోధకురాలు చెప్పారు. ఇది వాస్తవం కాదు. ఆమె అలా చెప్పడానికి కారణం.' దాని కింద నాలుగు గీతలంత ఖాళీ.

"ఇదేంటమ్మా, అచ్చు పడలేదా?"

"లేదండి. అది నేను ఊహించి రాయకూడదు గదా. మీరు చెప్తే రాద్దామని వదిలానండి" అని, సంచీలోంచి పెన్ను తీసింది. "ఇప్పుడు అడగమంటారాండీ?"

"నీ థీసిస్ పాడైపోతుందని చెప్పలేదమ్మా" అన్నాను. పెన్ను కదల్లేదు. నా వైపే చూస్తూ కూర్చుంది. "నా డిగ్రీకి మాటొస్తుందని" అన్నాను. కాస్త నయం, కానీ అదీ రాయలేదు. నేను ఇంతమందిని కూర్చోబెట్టి అడిగినదాన్ని, అడిగించుకోవడం ఎంత కష్టమో నాకు ఆ రోజు తెలిసింది.

రైలు ఏదో స్టేషన్లో ఆగి మళ్లీ కదిలింది.

"ఆ కథలో అమ్మ నాకంటే మంచిదే తల్లీ" అన్నాను చివరికి. "ఆవిడ వాళ్ల కష్టం వినడానికి వచ్చిందట. నేను గడులు నింపుకోవడానికి వెళ్లాను. పోయిన ఆ ఇద్దరు పిల్లల పేర్లు ఒక తల్లి నాకు చెప్పుకుంటే, నేను 'రెండు' అని వేసుకుని వచ్చేశాను. ఆ అమ్మ నేనేనని ఒప్పుకుంటే, నేనెలాంటిదాన్నో నీకు తెలిసిపోతుంది. నీ ముందు పలచనవడం ఇష్టం లేక చెప్పలేదు."

అప్పుడు రాసింది. నాలుగు గీతలూ సరిపోక అంచు మీదికి కూడా రాసింది. రాశాక క్యాప్ పెట్టకుండానే తలెత్తి, "ఇంకేమైనా చెప్తారాండీ?" అంది.

అంతవరకూ నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. తెనాలి వచ్చేదాకా చెప్తూనే ఉన్నాను.